గూడు అన్న మాట

కోళ్ల మీద నాకు ఏ అభిప్రాయమూ లేదు. ముప్ఫయ్యొక్కేళ్లు కేంద్ర ప్రభుత్వంలో తెలుగు అనువాదకురాలిగా చేసినదానికి దేనిమీదా అభిప్రాయం ఉండకూడదు. ఉంటే అది అనువాదంలోకి దూరుతుంది, పైవాళ్లు వాసన పట్టేస్తారు. ఎరువుల మీద, టీకాల మీద, రొయ్యల చెరువుల మీద వచ్చిన కాగితాలన్నిటినీ ఒకే మొహంతో తెలుగు చేశాను. పోయిన జులైలో కోళ్ల ఫారాల ముసాయిదా నా బల్ల మీదికి వచ్చినప్పుడూ నేను అడిగింది ఒక్కటే, ఎప్పటికి కావాలని. సాయంత్రానికి, అన్నారు. ఎప్పుడూ సాయంత్రానికే.

తొమ్మిది పేజీలు. గుడ్లు పెట్టే కోళ్లను ఇనుప తీగల అరల్లో, రెక్క విప్పుకునే చోటు కూడా లేకుండా బతికినన్నాళ్లూ ఉంచే పద్ధతిని కొన్నేళ్లలో ఆపెయ్యాలని దాని సారం. దీనిమీద ప్రజలు తమ మాట రాసి పంపవచ్చు. అంతకుముందు ఏడాది పొడుగునా మా మీటింగ్ హాల్లో ఇదే రభస. జంతు సంక్షేమం వాళ్ల తరఫున భానుశ్రీ అనే అమ్మాయి వచ్చి, ఒక తెల్లకాగితం బల్ల మీద పెట్టి, ఒక్కో కోడికి ఇంతకన్నా తక్కువ చోటు ఇస్తున్నారండీ అంది. ఆ కాగితం మీదే ఎవరో ఎన్ని టీలు కావాలో రాసి బయటికి పంపారు. ఫారాల సంఘం పెద్దమనిషి లేచి, ఆ అరలు తీసేస్తే గుడ్డు ధర పెరుగుతుంది, బడిపిల్లల పళ్లెంలో ముందు మాయమయ్యేది అదేనన్నాడు. ఇద్దరు చెప్పిందీ నిజమే. ఈ తగువులో చిక్కంతా అక్కడే ఉంది.

ఆ తొమ్మిది పేజీల్లో 'కేజ్' అన్న ఇంగ్లీషు మాట నలభై మూడుసార్లు వచ్చింది. పంజరం అందామంటే చిలక గుర్తొస్తుంది. బోను అంటే పులి, లేకపోతే కోర్టులో సాక్షి. కేజ్ అని అలాగే ఉంచెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పదకొండేళ్లుగా నేను పరిపాలనా పదకోశం ఒకటి కూరుస్తున్నాను. సర్కారు కాగితాల్లో పడే ప్రతి ఇంగ్లీషు మాటకూ తెలుగు మాట, ఒక్కోదానికి ఒక్కో అట్టముక్క, మొత్తం ఆరువేల పైచిలుకు. జనవరిలో అచ్చుకు వెళ్లాలి. జనవరి నెలాఖరుకే నా ఉద్యోగ విరమణ. మొదటి పేజీలో 'కూర్పు: ఇంద్రాణి' అని ఉంటుంది. పిల్లలు లేనిదాన్ని, దాన్ని చూసుకునే ఇన్నేళ్లూ ఈ ఢిల్లీలో నెట్టుకొచ్చాను. వసంత్ కుంజ్‌లో పక్కింటివాళ్లతో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, మధ్యలో కూర్చుని అచ్చ తెలుగు వెతకడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే. అయినా ఏరాను.

సాయంత్రం నాలుగింటికి తట్టింది. గూడు. కోళ్ల గూడు. తణుకు దగ్గర మా అమ్మమ్మ పెరట్లో మట్టిగోడకు చిన్న చెక్క తలుపు, లోపల వెచ్చటి వాసన. ఇంత చక్కటి మాట నోట్లో పెట్టుకుని ఊరంతా తిరిగానే అని మురిసిపోయాను. నలభై మూడుచోట్లా గూడు అని రాశాను. 'కోళ్లను గూళ్లలో ఉంచి పెంచడం నిషేధం' అన్న వాక్యం నాదే. 'ఇది మూలానికి సరైన అనువాదం' అని కింద సంతకం పెట్టి, పదకోశం పెట్టెలో కొత్త అట్టముక్క కూడా వేసుకున్నాను.

నవంబరులో జవాబులు వచ్చాయి. తెలుగులో నాలుగువందల పన్నెండు ఉత్తరాలు. బయట పొగ, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, గదిలో సగంమంది దగ్గు. ఉమాశంకర్ ఆ కట్టలు నా బల్ల మీద పెట్టించాడు. అతను మా అండర్ సెక్రటరీ, నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న, నాకు పై అధికారి. ఆర్కే పురం క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాడు. తెలుగు అర్థమవుతుంది, సగం మాట్లాడతాడు, అక్షరం ముక్క చదవలేడు. నలుగురిలో ఉన్నప్పుడు మేడమ్ అంటాడు, పని పడితే ఆంటీ అంటాడు.

"ఆంటీ, ఒక్కో లెటర్‌కి ఒక్క లైన్ చాలు. సపోర్టా, అపోజా, టిక్ కొట్టెయ్యండి. శుక్రవారం కమిటీకి పంపాలి. కమిటీ టర్మ్ ముప్ఫయ్యో తారీఖుకి ఖతమ్" అన్నాడు.

"శుక్రవారం సాయంత్రానికేనా?"

"సాయంత్రం దాకా ఎందుకు ఆంటీ, మధ్యాహ్నానికి ఇచ్చెయ్యండి."

మొదటి రోజు రెండువందలు చేశాను. చాలావరకు ఒకే రకం అచ్చుకాగితం. 'మా కోళ్ల గూళ్లను నిషేధించవద్దని మనవి.' కింద ఆడవాళ్ల పేర్లు, వేలిముద్రలు. వ్యతిరేకం, వ్యతిరేకం, వ్యతిరేకం. నాకు లోపల చిరాకు పుట్టింది. కోడి కాలు చాచుకోవడానికి వీల్లేని ఆ అరల కోసం ఇంతమంది ఆడవాళ్లు వేలిముద్రలు వేశారా అనుకున్నాను. అభిప్రాయం లేదన్నానుగా, అందుకని ఆ చిరాకు మీద టీ పోసుకుని తాగేశాను.

మధ్యలో ఒకటి తెలంగాణ నుంచి వచ్చింది. రాసినవాడు లింగయ్య, కోళ్ల షెడ్డులో పనివాడు. 'సార్, పదేండ్లసంది షెడ్డుల పని జేస్తున్న. మీరు గూళ్లు బందు వెడ్తమని రాసిండ్రు. గూళ్లు మా దిక్కు ముసలోళ్ల ఇండ్లల్ల ఉంటయి, వాటితోని ఎవ్వలికి నష్టం? మా షెడ్డుల ఇనుప కేజీల కోళ్ల సంగతి మాత్రం ఒక్క ముక్క రాయకపోతిరి. వాటి గోళ్లు తీగెలల్ల ఇరికి మొలుస్తయి. గది రాయిండ్రి సార్.' వీడికి ముసాయిదా అర్థమే కాలేదనుకున్నాను. 'సంబంధం లేనిది' అన్న గడిలో టిక్కు కొట్టి పక్కన పడేశాను.

మర్నాడు మధ్యాహ్నం తాయారమ్మ ఉత్తరం చేతికి వచ్చింది. అచ్చుకాగితం వెనకవైపు పిల్లల దస్తూరితో రాసి ఉంది, చివర ఫోన్ నంబరు. 'అయ్యా, నాకు ఆరు పెట్టలు, ఒక పుంజు. గూడు ఉండకూడదంటే రాత్రిపూట వాటిని ఎక్కడ పెట్టాలి? ముంగిస పట్టుకుపోతుంది. పొద్దున్నే తలుపు తీస్తే ఊరంతా తిరిగి, చీకటి పడేలోపు వాటంతట అవే వచ్చి గూట్లోకి ఎక్కుతాయి. నేను వాటిని బంధించలేదు.'

పక్కన పడేసిన లింగయ్య కాగితం తీసి మళ్లీ చదివాను. అర్థం కానిది అతనికి కాదు.

అయినా మనసు ఒప్పుకోదు కదా. ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఢిల్లీ నుంచి, కోళ్ల కాగితం గురించి అన్నాను. అవతల గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"ఆయ్, తాయారమ్మనేనండి. మా గూడు తీసెయ్యడానికి వత్తున్నారేటండి?"

"లేదు లేదు. ఎవరూ రారు. అసలు మీకీ సంగతి ఎవరు చెప్పారు?"

"మా ఊరి ఫారం గుమస్తాగారండి. పాలకేంద్రం కాడ అందర్నీ కూకోబెట్టి కాగితం సదివేరు. గూళ్లలో కోళ్లుంచితే నేరవంట, ఏలిముద్దరెయ్యండన్నారు. ఆయన అబద్ధం సెప్తన్నారేమోనని మా మనవరాలు ఆ కాగితం లాక్కుని సదివిందండి. అచ్చు అలాగే ఉంది."

అలాగే ఉంటుంది. రాసింది నేను.

"తాయారమ్మగారూ, అది మీ గూడు గురించి కాదండీ. ఆ ఫారంలో కోళ్లను పెడతారే, ఆ ఇనుప గూళ్ల గురించి" అన్నాను.

"దాన్ని గూడనరు కదండి" అంది ఆవిడ, చిన్నపిల్లకు చెప్పినట్టు. "అది కేజీ. మా కోడలు అక్కడే గుడ్లు ఏరుద్ది. గూడంటే పొద్దున్నే తలుపు తీసేదండి. ఆ కేజీకి తలుపు ఉంటాది గానండి, తీసేది ఒక్కసారే, కోళ్లని లారీకెక్కించేటప్పుడు."

ఆవిడే అందుకుంది. ఫారం వచ్చాక ఊళ్లో ఈగలు ముసురుతున్నాయని, అన్నం మూత తీసి పెట్టలేమని చెప్పింది. కోడలు ఇంటికొచ్చాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడదని చెప్పింది. పోనీ ఆ కేజీలు వద్దని రాస్తారా అని అడిగాను.

"ఎలా రాత్తానండి? కోడలి పని పోద్ది. ఉండాలనీ రాయలేనండి, అవి సూత్తే అన్నం దిగదు. నన్నేం అడక్కండి. నా గూడు మాత్రం ఉంచండి."

ఫోన్ పెట్టేశాక నాకు సిగ్గేసింది. ముప్ఫయ్యొక్కేళ్లలో తప్పులు చెయ్యకపోలేదు. కానీ అవన్నీ ఎవరూ చదవని కాగితాల్లో పడి పోయాయి. ఇది చదివారు. చదివి, భయపడి, వేలిముద్రలు వేశారు. గుమస్తా అబద్ధం ఆడాల్సిన పని కూడా లేకుండా చేశాను. ఫారాల్లో పనిచేసేవాళ్లు, పెట్టుబడి పెట్టినవాళ్లు, గుడ్లు కొనేవాళ్లు, అందరూ ఆ ఇంగ్లీషు కేజ్‌నే కేజీ అంటారు. ఆ మాట తెలియనిదాన్ని ఢిల్లీలో కూర్చున్న నేనొక్కదాన్నే. శుక్రవారం నేను సంతకం పెడితే, నాలుగువందలమంది తెలుగువాళ్లు కేజీలు కావాలని ప్రాధేయపడ్డారని కమిటీ ముందుకు వెళుతుంది. ఈ భవనంలో తెలుగు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. కాదని చెప్పడానికి ఇంకో మనిషి లేదు.

గురువారం ఉమాశంకర్‌కు చెప్పాను. అతను నా మొహం చూసి, ఇక్కడ కాదు ఆంటీ అని, అశోకా రోడ్‌లో తెలుగు భోజనం దొరికే క్యాంటీనుకు తీసుకెళ్లాడు. గంట వరసలో నిలబడి లోపలికి వెళ్తే, ముద్దపప్పు, గోంగూర, నెయ్యి. అతను కోడివేపుడు చెప్పాడు. నేను గుడ్డుకూర చెప్పాను. నేను శాకాహారిని కాను, ఎవరూ నన్నా కోవలో వెయ్యనక్కర్లేదు. కానీ ఆ గుడ్డును చెంచాతో అటూ ఇటూ దొర్లించడం తప్ప తినలేకపోయాను.

"అంటే, గూడు మీన్స్ నెస్ట్. నెస్ట్ బ్యాన్ చేశాం మనం" అన్నాడు ఉమాశంకర్ అంతా విని. నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు నవ్వు రాలేదని చూసి ఆగాడు. "సారీ ఆంటీ."

"తప్పు దిద్ది మళ్లీ ప్రకటిద్దాం."

"మళ్లీ సిక్స్‌టీ డేస్ ఇవ్వాలి. కమిటీయే ఉండదు అప్పటికి. చేతులు కాలాక ఆకులు అని మా నాన్న అనేవారు, అదే ఇది." వేపుడు పక్కకు జరిపాడు. "ఇంకో మాట. మీ డిక్షనరీ ఫైల్ కూడా ఇదే జాయింట్ సెక్రటరీ టేబుల్ మీద ఉంది. ఒక నోటిఫికేషన్ మొత్తం తప్పు చేసిన ట్రాన్స్‌లేటర్ డిక్షనరీని ఆయన ప్రింట్‌కి పంపిస్తాడా? ఆప్ హీ బతాయియే."

"పంపించడు."

"దాచమని నేను అనట్లేదు. నాకు తెలుగు చదవడం రాదు, మీరు ఏది టిక్ కొడితే అదే నాకు తెలుగు. ఒకసారి సోచ్ లీజియే, ఆలోచించండి, బస్. జనవరి దాకా రెండు నెలలేగా."

అతను చెడ్డవాడు కాదు. అలిసిపోయాడు, అంతే. ఆరేళ్లుగా ఈ ఫైలు అతని బల్ల మీద అటు తిరిగి ఇటు తిరుగుతోంది. నేనూ అలిసిపోయాను. అలిసినవాళ్లిద్దరం కూర్చుంటే ఏది తేలికో అదే న్యాయంగా కనబడుతుంది. తిరిగివచ్చేటప్పుడు ఆటోలో, పోనీ నాకెందుకు అని నిజంగానే అనుకున్నాను. పదకొండేళ్లు, ఆరువేల అట్టముక్కలు. ఎవరికీ తెలియదు. తాయారమ్మ గూడు ఎలాగూ ఎవరూ పీకరు.

శుక్రవారం పొద్దున ఆఫీసుకు వెళ్లి ముందుగా పదకోశం పెట్టె తీశాను. అట్టముక్కలు తెలుగు మాటల అక్షరక్రమంలో పేర్చుకున్నాను, 'గ' వరసలో ఆ అట్టముక్క ఉంది. కేజ్: గూడు. ఆ మాట కింద ఆవిడ గొంతు వినిపించింది, పొద్దున్నే తలుపు తీసేదండి అని. ఇది ఇలాగే అచ్చయితే, నా తరవాత వచ్చేవాళ్లు దీన్నే చూసి రాస్తారు. ఇంకో ఊళ్లో, ఇంకో గుమస్తా, ఇంకో పాలకేంద్రం. తప్పుడు మాట మీద నా పేరు ఉండటమా, నా పేరు లేకుండా పోవడమా అని ఆలోచిస్తే, నాకు నిజంగా ఏడుపొచ్చింది. బల్ల కింద చీరకొంగుతో తుడుచుకుని పెన్ను తీశాను.

సారాంశం ఇంగ్లీషులోనే రాయాలి. రాశాను. 'కేజ్ అన్న మాటకు తెలుగులో నేను వాడిన మాట తప్పు. ఆ మాటకు పెరట్లో కోళ్లు రాత్రి పడుకునే చోటు అని అర్థం, పొద్దున్నే దాని తలుపు తెరుస్తారు. ఉత్తరాలు రాసినవాళ్లు దాన్ని కాపాడుకోవడానికి రాశారు. వీటిలో ఏ ఒక్కదాన్నీ కేజ్‌ను సమర్థించినట్టు లెక్కించకూడదు. తప్పు పూర్తిగా అనువాదకురాలిది.' లింగయ్య ఉత్తరాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా అనువదించి జతచేశాను. అతనొక్కడికే మేం ఏం రాయాలనుకున్నామో తెలిసింది. కింద సంతకం పెట్టాను.

ఉమాశంకర్ నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడు.

"మరి కరెక్ట్ వర్డ్ ఏది ఆంటీ? కాలమ్‌లో రాయాలి" అన్నాడు.

"కేజీ."

"అది ఇంగ్లీష్ కదా."

"వాళ్ల దగ్గర తెలుగే."

అతను ఫైలు కట్టి, ముడి వేసి, నా బల్ల మీదున్న చల్లారిన టీ తనే తాగేసి వెళ్లాడు.

తరవాత జరిగింది పెద్దగా ఏమీ లేదు. ఆఫీసుల్లో జరిగేదే జరిగింది. 'తెలుగు స్పందనలు అనువాద దోషం కారణంగా పక్కన పెట్టడమైనది' అని ఒక వాక్యం వచ్చింది. అటూ లెక్కించలేదు, ఇటూ లెక్కించలేదు. లింగయ్య ఉత్తరం కూడా ఆ కట్టలోనే పోయింది. మిగిలిన భాషల సంగతి తేలేలోపు కమిటీ గడువు అయిపోయింది, కొత్త కమిటీ వేస్తామన్నారు. నాకు ఒక మెమో వచ్చింది. పదకోశం 'నిపుణుల పరిశీలన' కోసం వెనక్కి పోయింది. ఆ నిపుణులు ఎవరో ఇంకా నిర్ణయించలేదు. ఆరువేల అట్టముక్కలు రెండు అట్టపెట్టెల్లో కట్టి పెట్టాను. ఒక్కదాన్ని మాత్రం మార్చి కట్టాను.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం, ఆఫీసులో అందరూ లేచి మఫ్లర్లు చుట్టుకుంటుండగా, తాయారమ్మే ఫోన్ చేసింది.

"అమ్మగారూ, మా గూడు సంగతేవైందండి?"

"ఉంటుందండీ. ఎవరూ ముట్టుకోరు. ఆ కాగితం తప్పుగా రాశారు."

"ఎవరండి, అంత పెద్ద ఆఫీసులో?"

"నేనే."

ఆవిడ, "పోన్లెండి, మీరు మాత్రం కావాలని రాత్తారేటి" అంది. మెమో వచ్చినప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. వెనకాల కోళ్లు కీచులాడుకుంటున్నాయి, వాటిని ఉష్ ఉష్ అని అదిలిస్తూ మళ్లీ అడిగింది.

"మరి ఆ కేజీల సంగతేటన్నారండి? మా కోడలు అడగమంది."

"పరిశీలనలో ఉందండీ" అన్నాను. ముప్ఫయ్యొక్కేళ్ల అలవాటు, నోటికి అదే వచ్చింది.

"అంటే ఏటండి?"

ఆ మాట నా పదకోశంలో ఉంది. 'ప' వరసలో. ఇంగ్లీషు మాట, దాని పక్కన నా చక్కటి తెలుగు మాట. అది ఇక్కడ ఎందుకూ పనికిరాదని నాకు తెలుసు.

"ఇంకా తలుపు తియ్యలేదనండీ, తాయారమ్మగారూ" అన్నాను.

"అలా సెప్పండి మరి" అంది ఆవిడ. చీకటి పడుతోందని, ఏడూ వచ్చేశాయని, గూడు మూసుకోవాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.